ఆకుపచ్చ గేటు, నీళ్ల ట్యాంకు ఎదురుగా

రాజబాబు రాసిన అడ్రసు చేతికిస్తే కళ్లు కనపడనివాడు కూడా ఇల్లు చేరతాడని కోర్టు గుమాస్తాల్లో ఒక మాట ఉంది. ఇంటి నంబరు, వీధి, ఎదురుగా ఏముంది, గేటు రంగేమిటి, చివర పిన్‌కోడు, ఏదీ వదలడు. ఇరవై ఆరేళ్లలో అడ్రసు సరిగ్గా లేదని అతని పిటిషన్ ఒక్కటి కూడా ఫైలింగ్ కౌంటర్ నుంచి వెనక్కి రాలేదు. అతను పంపిన నోటీసు ఒక్కటి కూడా మనిషి దొరకలేదని తిరిగి రాలేదు. మనిషన్నాక ఏదో ఒక గర్వం ఉండాలి కదా, అతనికి అది ఉండేది. ఆ గర్వమే కొంప ముంచింది. కొంప అని మాటవరసకు అనడం లేదు. మోతీనగర్‌లో అతని అక్క అంతోనమ్మ ఇల్లు, నిజంగా ఆ కొంపే.

అతను పనిచేసేది జూబ్లీహిల్స్‌లో పట్టాభిరామయ్యగారి లా ఆఫీసులో. సినిమావాళ్ల అగ్రిమెంట్లు, బిల్డర్ల తగాదాలు, అన్నదమ్ముల భాగాలు అక్కడి పని. దానితో పాటు పదేళ్లుగా ధర్మకార్యం కూడా నడుస్తోంది. ఫిల్మ్‌నగర్ బస్తీలో ప్రతి శనివారం ఉచిత న్యాయ సలహా, లేనివాళ్లకి ఫీజు లేకుండా కేసులు, ఏడాదికోసారి ఒంటరి ఆడవాళ్లకి కుట్టుమిషన్లు. పట్టాభిరామయ్యగారు మనసున్న మనిషే, అది ఒప్పుకుని తీరాలి. అయితే ఆ ఆఫీసులో ఫీజు ఇచ్చినవాడి ఫైలును ముగ్గురు చదివేవారు. ఉచితం ఫైలును టైపు చేసినవాడు తప్ప ఇంకెవరూ చదివేవారు కాదు. దానంగా వచ్చిన ఆవుకు పళ్లు లెక్కపెట్టకూడదని పుచ్చుకునేవాళ్లకి చెబుతారు. ఇక్కడ ఇచ్చేవాళ్లే పళ్లు చూసుకోవడం మానేశారు.

ఆ శనివారం పొద్దున పదిన్నరకి ఫిల్మ్‌నగర్ కమ్యూనిటీ హాల్లో సాయంత్రం ఫంక్షన్‌కి ఏర్పాట్లు జరుగుతున్నాయి. స్టేజీ మీద ఇంత ఎత్తున ఫ్లెక్సీ కట్టారు: పదేళ్ల సేవ, వంద ఉచిత కేసులు. అవే అక్షరాలున్న తెల్ల టీషర్టులు ఆఫీసు వాళ్లందరికీ పంచారు. యాభై నాలుగేళ్ల రాజబాబు కూడా పొట్ట మీద బిగుసుకుపోయిన టీషర్టుతో, అట్టబోర్డుకి కాగితాలు అంటిస్తున్నాడు. పక్కనే ఫెబా కత్తెర పట్టుకుని నిలబడింది. ఉచితం కేసులన్నీ చూసే జూనియర్ లాయరు ఆమే. వయసు ఇరవై ఏడు.

"అంకుల్, వందో కేసు మొదటి పేజీ కూడా పెట్టమన్నారు సార్. పేరు కనపడకుండా మార్కర్‌తో కొట్టేయండి. మనోజ్ఞ పేరు ఎవరికీ తెలియకూడదు" అంది ఫెబా.

"ఆ మాత్రం తెలీదా అమ్మా" అని రాజబాబు ఫైల్లోంచి ఆ పేజీ తీశాడు.

మనోజ్ఞ డబ్బింగ్ ఆర్టిస్టు. హీరో చెల్లెలికీ, హీరోయిన్ స్నేహితురాలికీ గొంతు ఇచ్చేది. ఏడుపులూ అరుపులూ బాగా చేస్తుందని స్టూడియోల్లో పేరు. మొగుడు శ్రీకాంత్ ప్రొడక్షన్ మేనేజరు. నలుగురిలో అండీ అనకుండా మాట్లాడడు, ఎవరికి ఏ సాయం కావాలన్నా ముందుంటాడు. ఇంటికొచ్చాక తలుపు గడియ పెట్టి ఆమె పీక పట్టుకునేవాడు. నీ అరుపులు సినిమాల్లో వినడానికి బాగుంటాయి, ఇంట్లో వినపడకూడదు అనేవాడు. మూడోసారి ఆమె తొమ్మిది రోజులు ఆసుపత్రిలో ఉంది. బయటికి వచ్చాక గొంతులో గుసగుస తప్ప ఏమీ మిగల్లేదు. రెండుసార్లు పారిపోతే రెండుసార్లూ వెతికి పట్టుకున్నాడు, ఒకసారి ఫోన్‌ను బట్టి, ఒకసారి స్నేహితురాలిని బట్టి. ఇంకోసారి వెళితే నిన్ను మోసుకుని రావాల్సి ఉంటుంది, నడిపించుకుని కాదు అని నెమ్మదిగా చెప్పాడట. శనివారం సలహాల బల్ల దగ్గర కూర్చుని ఆమె ఆ మాట గుసగుసగా చెప్పినప్పుడు పక్కన ఫైళ్లు సర్దుతున్న రాజబాబు వాటిని పక్కన పెట్టేశాడు. అప్పుడే అతను, మా అక్క ఇంట్లో పైగది ఖాళీగా ఉంది, అక్కడ ఉండమ్మా అన్నాడు. కిరాయి ఆఫీసు ధర్మనిధి నుంచి కడతామన్నారు పట్టాభిరామయ్యగారు. నెల రోజులుగా ఆమె అక్కడే ఉంటోంది. చేతిలో ఫోన్ కూడా లేదు. శ్రీకాంత్ నుంచి రక్షణ కోరుతూ ఆమె తరఫున వేసిన పిటిషనే వందో కేసు.

రాజబాబు మార్కర్‌తో పేరు మీద నల్లటి గీత గీశాడు. దాని కింద తండ్రి పేరు, వయసు. వాటి మీదా గీశాడు. ఆ కింద రెండు వరసలున్నాయి. చెయ్యి అక్కడికి వచ్చి ఆగిపోయింది.

"అదేంటంకుల్? అక్కడ ఏం రాసి ఉంది?" అని ఫెబా వంగి చూసింది.

ఇంటి నంబరు, పైఅంతస్తు, నీళ్ల ట్యాంకు ఎదురుగా, ఆకుపచ్చ గేటు, మోతీనగర్, పిన్‌కోడు.

"నేను ఖాళీ వదిలాను కదా!" అంది ఫెబా. "మన ఆఫీసు అడ్రసు వెయ్యమని మీకు చెబుదామనుకున్నా. ఈలోగా మీటింగ్‌కి పిలిచారు."

మర్చిపోయావనుకున్నానమ్మా అన్న మాట రాజబాబు నాలుక మీదికి వచ్చి అక్కడే ఎండిపోయింది. అదే జరిగింది. బుధవారం నాడు, ఫంక్షన్‌లోపు వందో కేసు ఫైల్ కావాలని అందరూ తొందరపెడుతుంటే అడ్రసు దగ్గర ఖాళీ చూసి, చిన్నపిల్ల, అనుభవం లేదు, కౌంటర్లో వెనక్కి కొడతారు అని నవ్వుకుని తనే నింపాడు. అతని చేతికి భూముల కేసులూ చెక్కు కేసులూ అలవాటు. దాక్కున్న మనిషి అడ్రసు రాయకూడదన్న ఆలోచన ఆ చేతికి రాలేదు.

"శ్రీకాంత్‌కి నోటీసుతో పాటు పిటిషన్ కాపీ కూడా వెళ్తుంది కదా. పంపారా?"

"నిన్న పొద్దున. స్పీడ్ పోస్టులో" అన్నాడు రాజబాబు.

రసీదు జేబులోనే ఉంది. ఫెబా దాని నంబరు ఫోన్లో కొట్టింది. ఇద్దరూ తెర మీదికి వంగారు. డెలివరీకి బయలుదేరినది, తొమ్మిది నలభై అని ఉంది. ఊళ్లో జనం పేరు చదవకూడదని నల్ల గీత గీస్తున్న కాగితం, ఎవడు చదవకూడదో వాడి గుమ్మం ముందుకి చేరుతోందన్నమాట.

శ్రీకాంత్ ఆఫీసు హాలుకి రెండు సందుల అవతలే. రాజబాబు పరుగెత్తాడు. ఆ వయసులో, ఆ టీషర్టులో, ఎండలో, చెప్పుల్లో. సందు మలుపులో పోస్ట్‌మ్యాన్ బండి స్టార్ట్ చేస్తూ కనిపించాడు.

"బాబూ, శ్రీకాంత్ పేరు మీద కవరు. పొరపాటున పంపాం, తిరిగి ఇచ్చెయ్యి" అన్నాడు ఆయాసపడుతూ.

"గా కవరా? ఇప్పుడే ఇచ్చిన సార్, సంతకం గూడ పెట్టిండు" అన్నాడతను. "ఏమైంది, గట్ల చెమటలు పడ్తున్నయి? జర నీళ్లు తాగుండ్రి."

అద్దాల గది లోపల శ్రీకాంత్ నిలబడి ఉన్నాడు. తెల్లచొక్కా, నున్నగా దువ్విన తల. కవరు చింపి కాగితాలు తీశాడు. మొదటి పేజీ దగ్గరే ఆగి, దాన్ని కాస్త దూరంగా పట్టుకుని చదివాడు. చదువుతూ చిన్నగా నవ్వాడు. తర్వాత కాగితాలు జాగ్రత్తగా మడిచి కవర్లో పెట్టి, బల్ల మీది కారు తాళాలు తీసుకున్నాడు. రాజబాబు హాలు వైపు వెనక్కి తిరిగాడు.

ఫెబా స్కూటర్ తీసుకుని వచ్చేసింది. రాజబాబు ముందు కూర్చుని నడిపాడు, వెనక కూర్చుని ఆమె పోలీసులకి ఫోన్ చేసింది. మనిషిని పంపిస్తామన్నారు. అంతోనమ్మకి నాలుగుసార్లు చేసింది, ఎత్తలేదు. శనివారం పూట అంతోనమ్మ చర్చిలో పీఠానికి పూలు సర్దుతుంది. అప్పుడు ఆమె ఫోన్ చేతిసంచిలో, సంచి బల్ల కింద, బల్ల వరండాలో ఉంటాయి.

"కార్లో వస్తే చెక్‌పోస్టు ట్రాఫిక్‌లో ఇరుక్కుంటాడు అంకుల్. మనం సందుల్లోంచి పోదాం."

కృష్ణానగర్ దాటారు. యూసుఫ్‌గూడలో సిగ్నల్ దూకేశారు. రాజబాబుకి దారి కనిపించడం లేదు, కళ్ల ముందు ఆ రెండు వరసలే ఆడుతున్నాయి. ఇంటి నంబరులో ఒక అంకె తప్పు పడి ఉంటే? మూడుకి బదులు ఎనిమిది కొట్టి ఉంటే? నీళ్ల ట్యాంకు ఎదురుగా అని కాక వెనక అని రాసి ఉంటే? ఇరవై ఆరేళ్లలో మొదటిసారి, దేవుడా, ఒక్క తప్పు రాసి ఉంటే చాలు అని వేడుకున్నాడు. కానీ తను రాసింది తనకి తెలుసు. అందులో తప్పు లేదు. మరియ తల్లీ, మరియ తల్లీ అంటూనే రహమత్‌నగర్ సందుల్లో ఇద్దరు ముగ్గురు తిట్టిన తిట్లు కూడా వినిపించుకోకుండా నడిపాడు.

ఆకుపచ్చ గేటు ముందు కారేదీ లేదు. ఇద్దరూ మెట్లెక్కి పైగది తలుపు మూడుసార్లు కొట్టారు. అది వాళ్ల మధ్య గుర్తు. గడియ తీసింది మనోజ్ఞ. చేతిలో టీ గ్లాసు. వాళ్ల ముఖాలు చూడగానే గ్లాసు కిటికీలో పెట్టేసింది.

"వస్తున్నాడా?" అంది గుసగుసగా.

ఫెబా తలూపింది. మనోజ్ఞ ఇంకేమీ అడగకుండా తలుపు వెనక నుంచి బ్యాగ్ తీసింది. నెల రోజులుగా అది సర్దే ఉంది కాబోలు.

"ఎవరు చెప్పారు?" అంది చెప్పులు వేసుకుంటూ.

ఫెబా నోరు తెరవబోయింది. రాజబాబు అడ్డుపడ్డాడు.

"నేనేనమ్మా. పిటిషన్లో రాశాను. కాపీ వాడికి పంపాను. నా చేత్తోనే."

ఆమె అతని వంక ఒక్క క్షణం చూసింది. కోపం ఉంటే బావుండేది. చెప్పు పట్టీ బిగించుకుని లేచి, "మేడ మీంచి పక్కింటికి దాటొచ్చు బాబాయ్‌గారూ. వచ్చిన రోజే చూసుకున్నాను" అంది.

రెండు మేడలకి మధ్య నడుమెత్తు గోడ. ఫెబా ముందు దాటి చెయ్యి అందించింది. మనోజ్ఞ దాటింది. అవతలి ఇంటి మెట్లు వెనక సందులోకి దిగుతాయి, అక్కడ ఆటోలు దొరుకుతాయి. వాళ్ల తలలు మెట్ల మలుపులో మాయమయ్యేసరికి కింద వీధిలో కారు తలుపు పడిన చప్పుడు వినిపించింది.

రాజబాబు కిందికి దిగాడు. గేటు గడియ మీద చెయ్యేసి నిలబడ్డాడు. వాళ్లకి ఆటో దొరకాలి, సందు దాటాలి. ఐదు నిమిషాలు, కనీసం మూడు నిమిషాలు.

శ్రీకాంత్ చేతిలో కాగితం ఉంది. దాన్ని చూసి, వెనక్కి తిరిగి నీళ్ల ట్యాంకును చూసి, గేటును చూశాడు.

"ఎవరు కావాలండీ?" అన్నాడు రాజబాబు.

"మా ఆవిడండీ. ఇక్కడే ఉంటోందట."

"అలాంటివాళ్లు ఎవరూ లేరు."

శ్రీకాంత్ కళ్లు నెమ్మదిగా కిందికి దిగి టీషర్టు మీద ఆగాయి. వంద ఉచిత కేసులు అన్న అక్షరాలను పెదాలు కదుపుతూ చదివాడు. కింద ఆఫీసు పేరు కూడా చదివాడు. ముఖం వెలిగిపోయింది.

"ఓహో, ఆఫీసు నుంచి వచ్చారా! మీకు థ్యాంక్స్ చెప్పాలండీ. నెల రోజులుగా వెతుకుతున్నాను. ఎంత చక్కగా రాశారండీ అడ్రసు, గేటు రంగుతో సహా! ఎవరినీ అడిగే పనే లేకపోయింది."

రాజబాబు గేటు వదల్లేదు. శ్రీకాంత్ అతని వేళ్లను ఒక్కొక్కటే గడియ మీంచి తీశాడు. నొప్పి పెట్టకుండా, ఎంతో మర్యాదగా తీశాడు. ఆ చేతులు ఎక్కడెక్కడ పడ్డాయో రాజబాబుకి ఫైల్లో చదివిన గుర్తు. అరుద్దామంటే నోరు పెగల్లేదు. మనోజ్ఞ చెప్పినప్పుడు, అరవొచ్చు కదమ్మా, పక్కవాళ్లు వస్తారు కదా అని ఉచిత సలహా ఇచ్చింది తనే.

మెట్లెక్కే చప్పుడు. పైన అడుగుల చప్పుడు. తర్వాత ఏమీ లేదు. ఆ నిశ్శబ్దంలో రాజబాబు ఒక్కొక్క అంకె లెక్కపెట్టుకున్నాడు. తొంభై దాకా వెళ్లాడు.

శ్రీకాంత్ చేతిలో గ్లాసుతో దిగి వచ్చాడు. అది ఖాళీగా ఉంది.

"టీ ఇంకా వేడిగానే ఉందండీ. తాగేశాను. పంచదార తక్కువేస్తుంది ఎప్పుడూ" అని గ్లాసును గోడ మీద పెట్టాడు. "సరే, తొందరేం లేదు. పద్నాలుగో తారీఖు వాయిదా కదా, కోర్టుకి వస్తుంది. ఈలోగా ఇల్లు మారితే మీరు కొత్త అడ్రసు కోర్టులో వెయ్యాలిగా? దాని కాపీ నాకూ ఇవ్వాలిగా? రూల్సు నాకూ తెలుసండీ. ఇంతే వివరంగా రాయండి."

నమస్కారం పెట్టి కారెక్కి వెళ్లిపోయాడు. రాజబాబు గోడకి ఆనుకుని కింద కూర్చుండిపోయాడు. పావుగంటకి వచ్చిన కానిస్టేబులు ఇల్లంతా చూసి, "ఏంది సార్, గీడ ఎవ్వరు లేరు గదా. లొల్లి గిట్ల ఏం గాలేదు గదా" అన్నాడు. అవును, ఏ గొడవా కాలేదు. ఒక గ్లాసు టీ మాత్రం అయిపోయింది.

సాయంత్రం హాల్లో మైకు పరీక్షిస్తుంటే స్టేజీ పక్క గదిలో పట్టాభిరామయ్యగారికి రాజబాబు అంతా చెప్పాడు. ఉద్యోగం పోతుందన్న భయం కూడా మిగల్లేదు అతనికి.

"ఫైలు ఎవరు చూశారు?" అన్నారు పెద్దాయన.

"ఉచితం ఫైళ్లు ఎవరూ చూడరు సార్."

"కింద సంతకం నాదే కదయ్యా."

"మీదేనండీ. మీరూ చదవలేదు."

ఆ మాట అన్నాక రాజబాబుకే ఆశ్చర్యం వేసింది. కుట్టుమిషన్లు పంచారు గానీ ఆ రోజు పెద్దాయన ఉపన్యాసం ఇవ్వలేదు. సోమవారం తనే కోర్టుకి వెళ్లి, మనోజ్ఞ అడ్రసు సీల్డ్ కవర్లో జడ్జిగారికి మాత్రమే ఇచ్చేలా, ఆమె వాయిదాకి వీడియోలో మాట్లాడేలా అనుమతి తెచ్చారు. శ్రీకాంత్ ఆ ఇంటి చాయలకి రాకూడదని ఆర్డరు కూడా వచ్చింది. ఆర్డరు కాగితం మీద ఉంది. కారు మాత్రం నీళ్ల ట్యాంకు దగ్గర రెండుసార్లు కనిపించిందని అంతోనమ్మ చెప్పింది.

"నా గేటు రంగు కూడా రాశావంటరా సన్నాసీ! అది నిన్నేమడిగింది?" అని తమ్ముణ్ని నిలబెట్టి కడిగేసి, మర్నాడే గేటుకి నీలం రంగు వేయించింది. రంగు ఆరకముందే పక్కవీధి సిస్టర్ల హాస్టల్‌కి మకాం మార్చింది.

మనోజ్ఞ ఎక్కడికి వెళ్లిందో ఫెబాకి తెలుసు. సీల్డ్ కవర్లో పెట్టే కాగితం ఫెబా తన చేత్తోనే రాసింది. ఆమె రాస్తున్నంతసేపూ రాజబాబు తనంతట తానే గదిలోంచి వెళ్లి వరండాలో నిలబడ్డాడు. పొమ్మని ఆమె అనలేదు, ఉండమనీ అనలేదు.

తర్వాతి బుధవారం మధ్యాహ్నం అందరూ భోజనాలకి వెళ్లినప్పుడు ఆఫీసు ల్యాండ్‌లైన్ మోగింది. రాజబాబు ఎత్తాడు.

"బాబాయ్‌గారూ, నేను." అదే గుసగుస.

అతను రిసీవర్‌ని రెండు చేతులతో పట్టుకున్నాడు. "అమ్మా! బాగున్నావా?"

"బాగున్నానండీ. నిద్ర పడుతోంది. అంతోనమ్మగారికి చెప్పండి, నా బట్టలు తీగ మీదే వదిలేశాను, ఎవరికైనా ఇచ్చెయ్యమనండి. మీరు బాధపడుతున్నారని ఫెబా చెప్పింది. అందుకే చేశాను."

రాజబాబుకి కళ్లు తడిశాయి. ఎంత ప్రేమ పొంగిందో ఆ క్షణాన. ఆ ప్రేమలోనే, ఇరవై ఆరేళ్లుగా గుమ్మంలోకి వచ్చిన ప్రతి మనిషినీ మొట్టమొదట అడిగే మాట నోట్లోంచి జారిపోయింది.

"ఎక్కడున్నావమ్మా?"

అవతల ఊపిరి ఆగింది. ఫోన్ పెట్టేసిన చప్పుడు వచ్చింది.

రాజబాబు రిసీవర్ పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. "మంచి పని చేశావు తల్లీ, నాకైనా చెప్పకు" అన్నాడు ఎవరూ లేని ఫోన్లోకి. ఫోన్ మీది చిన్న తెరలో ఆమె చేసిన నంబరు ఇంకా వెలుగుతోంది. మొదటి నాలుగంకెల ఎస్‌టీడీ కోడు చూస్తే చాలు, ఏ ఊరో చెప్పేయగలడు అతను. కళ్లు గట్టిగా మూసుకున్నాడు. బటన్లు తడుముకుంటూ, ఆ నంబరు చెరిగిపోయిందని బీప్ వినిపించే దాకా కళ్లు తెరవలేదు.